స్కర్లీకి గొడ్డు కొవ్వు బదులు ఏం వాడాలి?

అబర్డీన్‌లో ఉంటున్నాం. ఆదివారం మా పక్కింటి స్కాటిష్ దంపతులు భోజనానికి వస్తున్నారు. రోస్ట్ చికెన్ పక్కన స్కర్లీ (ఓట్‌మీల్, ఉల్లిపాయలతో చేసే స్కాటిష్ వంటకం) పెట్టాలని నాకు చాలా కోరికగా ఉంది. సన్నగా తరిగిన ఉల్లిపాయల్ని కొవ్వులో మెత్తబడేదాకా వేయించి, ఓట్‌మీల్ పోసి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, కమ్మటి వాసన వచ్చేదాకా కలుపుతూ ఉండాలి. అంతవరకు తెలుసు. పాతకాలం పద్ధతిలో గొడ్డు కొవ్వు వేస్తారు, మా ఇంట్లో అది తినరు. వెన్న ఒక్కటే చాలా, కొంచెం నూనె కూడా కలపాలా? నెయ్యి వేస్తే రుచి మరీ మారిపోతుందేమోనని టెన్షన్.

ఇంకోటి, పిన్‌హెడ్ ఓట్‌మీల్ (ఓట్స్ గింజల్ని ముక్కలుగా కోసిన ముతక రకం) పలుకు గట్టిగా పంటికి తగులుతుంది. మీడియం రకం సగం కలపొచ్చా? చివర్లో కాస్త చికెన్ స్టాక్ చిలకరిస్తే పలుకు మెత్తబడుతుందా, లేక ముద్దయిపోతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.