"నా హృదయము నిబ్బరముగా నున్నది": ఇక్కడ నిబ్బరం అంటే ధైర్యమేనా?

అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం ఆరాధనలో పాటలు నడిపిస్తుంటాను. బైబిల్లో 57వ కీర్తన 7వ వచనంలో ఒక మాట గురించి అడగాలని ఉంది.

"నా హృదయము నిబ్బరముగా నున్నది దేవా, నా హృదయము నిబ్బరముగా నున్నది. నేను పాడుచు స్తుతిగానము చేసెదను."

ఇన్నాళ్లూ దీన్ని "నాకు భయం లేదు, పాడతాను" అనే అర్థంలో చదువుకున్నాను. అందుకే ఇది నాలాంటివాడి వచనం కాదనిపించేది. మైకు పట్టుకోగానే నా చేతులు చల్లబడిపోతాయి. పోయిన ఆదివారం టెన్షన్‌లో పాటను పై శ్రుతిలో ఎత్తుకున్నాను. పల్లవి ఎలాగో గట్టెక్కింది గానీ చరణంలో గొంతు అందలేదు. అప్పుడే రెండో వరుసలో ఒకాయన ఫోను పైకెత్తారు. నా తప్పును రికార్డు చేస్తున్నారనుకున్నాను. ఆ తర్వాత మూడు పాటలూ నా మనసు ఆ ఫోను చుట్టూనే తిరిగింది. ఆయన ఫోనులో బైబిలు చూస్తారని ఆరాధన అయ్యాక తెలిసింది.

ఇంటికొచ్చి కీర్తన మొదటి నుంచి చదివాను. తనను చంపజూసిన సౌలు రాజు నుంచి పారిపోయి గుహలో ఉన్నప్పటి దావీదు కీర్తన అని పైన ఉంది. 4వ వచనంలో ప్రాణం సింహాల మధ్య ఉందంటాడు. 6లో ప్రాణం కుంగిపోయి ఉందంటాడు. వెంటనే 7లో నిబ్బరం! భయపెట్టేవి ఏవీ ఇంకా పోలేదు కదా. మరి ఇది ధైర్యమేనా, వేరే ఏదైనానా?

జవాబు: వేరే అనే నా ఉద్దేశం. వాడుక చూడండి. "ధైర్యం చేసి అడిగాను" అంటాం, "నిబ్బరం చేసి అడిగాను" అని ఎవరూ అనరు. నిబ్బరంగా ఉంటాం, లేదా నిబ్బరించుకుంటాం. గెలుస్తున్నవాడికి ఆ మాట చెప్పం. ఇంట్లో మనిషి పోయి కూలబడినవాళ్ల దగ్గర కూర్చుని చెబుతాం. ఇది సంస్కృత "నిర్భరం" నుంచి వచ్చింది. నిర్భరం అంటే నిండైన, మిక్కిలి అని. నిండుకుండ తొణకదు అంటామే, ఆ నిండుదనం ఈ మాటలో ఉంది.

జవాబు: కీర్తనల మూలభాష హీబ్రూలో ఇక్కడ "నాఖోన్ లిబ్బీ" (నా హృదయం నాఖోన్) అని ఉంది. నాఖోన్ అంటే స్థిరపడిన, సిద్ధమైన అని అర్థం. 112వ కీర్తన 7లోనూ అదే మాట. కానీ అక్కడ "వాని హృదయము యెహోవాను ఆశ్రయించి స్థిరముగా నుండును" అని తెలుగు చేశారు. అక్కడ స్థిరం, ఇక్కడ నిబ్బరం. పాడబోయే మనిషి నోట ఈ మాట పెట్టడం నాకు చాలా నచ్చింది. గోడ స్థిరంగా ఉందంటాం, నిబ్బరంగా ఉందనం కదా. ఇక "ఆశ్రయించి" అన్నది మీకు పనికొస్తుంది. గొంతును ఆశ్రయించిన గుండె, గొంతు జారితే తానూ జారుతుంది.

జవాబు: తమ్ముడూ, మా ఊరి మందిరంలో ముప్పై ఏళ్లు పాటలు ఎత్తాను. డోలక్, తాళాలు, అంతే. శ్రుతి పైకి పోతే ఆపేసి "కొంచెం దించి పాడుకుందాం" అని మళ్లీ ఎత్తుకునేదాన్ని. ఎవరూ తప్పు పట్టలేదు. వాళ్లకూ ఊపిరి అంది ఇంకా గట్టిగా పాడేవాళ్లు.

నన్ను ఏడిపించింది భయం కాదు, చెదిరే మనసు. తాళం తప్పినా, పసిపిల్ల ఏడ్చినా చూపు అటే పోయేది. అందుకు నేను పట్టుకున్న మాట 86వ కీర్తన 11లో ఉంది: "నా హృదయమునకు ఏకదృష్టి కలుగజేయుము." ఏకదృష్టి తెచ్చుకుంటానని అనలేదు చూడు, కలుగజేయమని అడిగాడు. చరణానికీ చరణానికీ మధ్య లోలోపల అదే అనుకునేదాన్ని. అనుకుని, పాడుతున్న మాట ఎవరితో చెబుతున్నానో గుర్తు చేసుకునేదాన్ని. ఒక్కోసారి ఒకే పాటలో నాలుగైదుసార్లు అడగాల్సి వచ్చేది.

జవాబు: అక్కా, బాగా పట్టుకున్నారు. హీబ్రూలో అక్కడ ఉన్నది "ఒకటి చేయి" అనే అర్థమిచ్చే క్రియ. ముక్కలైన హృదయాన్ని ఒకటి చేయమని. తెలుగులో దాన్ని దృష్టి చేశారు.

అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు 8వ వచనం కూడా కొత్తగా కనిపిస్తోంది. "స్వరమండలమా సితారా, మేలుకొనుడి" అన్నది నిబ్బరం తర్వాతే వస్తుంది. ముందు హృదయం, తర్వాత పాట, ఆ తర్వాత వాయిద్యాలు. మేము ఆదివారం దీన్ని తిరగేస్తున్నాం. ముందు వైర్లు, మైకు, కీబోర్డు స్కేలు. హృదయం సంగతి టైం మిగిలితేనే. ఈ వారం అరగంట ముందే వెళ్లి, ఏదీ ఆన్ చేయకముందు ఈ కీర్తన చదువుతాను. మొదటి పాట ఒక మెట్టు దించి రాసిపెట్టుకున్నాను కూడా.

ఇంకొక్క సందేహం. "నిబ్బరముగా నున్నది" అని రెండుసార్లు ఎందుకన్నాడు? 108వ కీర్తనలో ఇదే మాట ఒక్కసారే ఉంది.

జవాబు: గుహలో ఉన్నాడు కదా తమ్ముడూ, మొదటిసారి అన్నప్పుడు ఇంకా పూర్తిగా కుదుటపడలేదేమో. నేనూ పల్లవి రెండోసారి పాడినప్పుడే పాటలోకి వెళ్లేదాన్ని.