స్కిడ్ స్టీర్ లోడర్ ముందు చక్రం బేరింగ్ మళ్లీ పోయింది, ఈసారి నేనే మారుద్దామనుకుంటున్నా

మట్టిబండి:
అన్నలందరికీ నమస్కారం. నా స్కిడ్ స్టీర్ (ముందు బకెట్ ఉండే చిన్న లోడర్ బండి) ముందు ఎడమ చక్రం దగ్గర గుర్రుమని శబ్దం వస్తోంది. బండి మలుపు తిప్పితే ఇంకా ఎక్కువవుతోంది. హబ్ వెనక ఆయిల్ చెమ్మ కూడా కనిపిస్తోంది. పోయినేడాది ఇదే చక్రానికి బయటి బేరింగ్ ఒక్కటే మార్పించాను, అప్పుడే మళ్లీ మొదలైంది. చిన్న చిన్న పనులు నాకు వచ్చు కాబట్టి ఈసారి నేనే విప్పుదామని ఉంది. చైన్ కేస్ (చక్రాలను తిప్పే చైన్లు ఆయిల్‌లో ఉండే పెట్టె) తెరవక తప్పదా? హౌసింగ్‌లో బిగిసిపోయిన రేస్ (బేరింగ్ బయటి రింగు) ఎలా తీయాలి? అసలు ఇది బేరింగేనా, చైన్ వదులైందా అన్నదే ముందు అనుమానం.

చైన్‌స్ప్రాకెట్:
తమ్ముడూ, ఆ అనుమానం తీరడానికి ఏదీ విప్పక్కర్లేదు. బండిని జాకీ మీద లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టు. టైరును పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి పట్టుకుని లోపలికీ బయటికీ ఊపు. అలా ఆడితే బేరింగ్. ఊపితే కదలకుండా, తిప్పే దిశలో మాత్రం కొంచెం ముందుకూ వెనక్కీ తిరిగితే అది చైన్ వదులు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. బకెట్ మోసే ఆర్మ్స్ పైకెత్తి పనిచేయాల్సి వస్తే లాక్ వేయకుండా చెయ్యి పెట్టొద్దు.

గ్రీజుచేతులు:
పై అన్న చెప్పిన పరీక్ష సరైనదే. నేను మాత్రం ఆ 'ఒక్కటే మార్పించాను' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఈ బండ్లలో యాక్సిల్ షాఫ్ట్‌కు లోపల ఒకటి, బయట ఒకటి టేపర్ బేరింగ్‌లు (ఏటవాలు రోలర్లున్నవి) ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి అరిగితే షాఫ్ట్ వాలుతుంది, రెండోదాని మీద భారం వంకరగా పడుతుంది. రెండూ మార్చాలి. రోలర్లున్న కోన్, దాని రేస్ జతగానే మార్చాలి. పాత రేస్‌లో కొత్త రోలర్లు వేస్తే గుంతల రోడ్డు మీద కొత్త టైర్లేసినట్టే.

ఇక నీ ప్రశ్నలు. చైన్ కేస్ తెరవాల్సిందే. ఈ రకం బండ్లలో చాలావాటికి షాఫ్ట్ లోపలి చివర స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) ఉంటుంది. అక్కడి నట్టో బోల్టో విప్పి, చైన్ తప్పిస్తే తప్ప షాఫ్ట్ బయటికి రాదు. ముందు ఆయిల్ పూర్తిగా దించెయ్. దించిన ఆయిల్‌లో అయస్కాంతం తిప్పి చూడు. మెరిసే పలుకులు అంటుకుంటే కేస్ అడుగంతా కడగాలి. లేకపోతే ఆ పలుకులే కొత్త బేరింగ్‌ను తినేస్తాయి.

పాత బేరింగ్‌ను పారేయకు, శుభ్రంగా తుడిచి చూడు. నా లెక్కలో ఈ పనిలో ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. రేస్ మీద రోలర్ల ఎడంతో వరసగా తుప్పు మచ్చలుంటే నీళ్లు దూరాయి, అంటే సీల్ (ఆయిల్ కారకుండా, నీళ్లు దూరకుండా ఆపే రింగు) తప్పు. నీలి రంగుకి తిరిగితే బాగా కాలింది: ఆయిల్ అందలేదు, లేదా ఎక్కువ బిగించారు. ఒక పక్కే పెచ్చులూడితే షాఫ్ట్ వంగిందేమో, రేస్ వంకరగా కూర్చుందేమో చూడాలి. సీల్ తగిలే చోట షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగు. గోరు గాడిలో పడితే ఎంత మంచి సీల్ వేసినా కారుతుంది. అక్కడ పల్చటి స్లీవ్ ఎక్కించాలి, లేదా షాఫ్ట్ మార్చాలి.

రేస్ వెనక అంచు దొరికితే ఇత్తడి రాడ్‌తో చుట్టూ మార్చి మార్చి కొట్టు, వచ్చేస్తుంది. అంచు దొరక్కపోతే లోపలి వైపు చుట్టూ వెల్డింగ్ గీత లాగుతారు, చల్లారేటప్పుడు రేస్ ముడుచుకుని వదులవుతుంది. కానీ ఆయిల్ తడి ఉన్న చోట మంట అంటుకుంటుంది, ముందు పూర్తిగా తుడవాలి. బ్యాటరీ వైర్ తీసెయ్. ఎర్త్ క్లాంప్ ఆ హౌసింగ్‌కే పెట్టు. దూరంగా పెడితే కరెంటు మిగతా బేరింగ్‌ల గుండా పోయి వాటినీ పాడుచేస్తుంది.

కొత్త రేస్‌ను ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే కొట్టు. అడుగుకి చేరగానే సుత్తి చప్పుడు మారుతుంది. అయినా చెవిని నమ్మకుండా రేస్‌కీ హౌసింగ్ అంచుకీ మధ్య 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూడు, ఎక్కడా దూరకూడదు. కోన్‌ను వేడిచేస్తే 110 డిగ్రీల దగ్గర ఆపు. గ్యాస్ మంట నేరుగా తగలనివ్వొద్దు, ఉక్కు పదును పోతుంది.

మట్టిబండి:
అన్నా, చాలా థాంక్స్. ఊపి చూశాను, పైనా కిందా బాగానే ఆడుతోంది, బేరింగే. ఎంత బిగించాలో చెప్పలేదు మీరు, నాకు టెన్షన్ అదే. ఇంకోటి, బండి ఊగకుండా ఉంటుందని రిమ్‌లు తిరగేసి, చక్రాలు బయటికి వచ్చేలా పెట్టాను. దీనికీ దానికీ సంబంధం ఉందా?

గ్రీజుచేతులు:
ఆ ముక్క మొదటే చెప్పాల్సింది కదా! ఉంది. చక్రం బయటికి జరిగిన కొద్దీ షాఫ్ట్ మీద మీటలా భారం పెరుగుతుంది, అందులో ఎక్కువ భాగం బయటి బేరింగ్ మీదే పడుతుంది. పైగా ఈ బండి తిరిగేదే టైర్లను నేల మీద ఈడ్చుకుంటూ. బకెట్ నిండితే బరువు ముందు చక్రాలకే వస్తుంది. రిమ్‌లు మళ్లీ మామూలుగా పెట్టు.

బిగింపు సంగతి: నీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకె తప్ప ఇంకెవరి మాటా వినకు, నాది కూడా. కొన్నిటికి నట్టుతో బిగింపు, కొన్నిటికి షిమ్‌లతో (మధ్యలో పెట్టే పల్చటి రేకులు). బిగిస్తున్నంత సేపూ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ఉండు, అప్పుడే రోలర్లు సర్దుకుంటాయి. మాన్యువల్ తిరుగుడు టార్క్ (షాఫ్ట్ తిరగడానికి కావాల్సిన తిప్పుడు బలం) ఇచ్చి ఉంటే, చైన్ తగిలించకముందే హబ్‌కి దారం చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగు. లాగిన బలాన్ని హబ్ వ్యాసార్ధంతో గుణిస్తే టార్క్ వస్తుంది. సీల్ పట్టుదల కూడా అందులో కలుస్తుందని గుర్తుంచుకో.

చైన్‌స్ప్రాకెట్:
చైన్ మళ్లీ తగిలించేటప్పుడు తీగలా లాగేయకు తమ్ముడూ. మరీ బిగువైతే అది రోజంతా షాఫ్ట్‌ను పక్కకి లాగుతూనే ఉంటుంది. కొత్త బేరింగ్ కొనేటప్పుడు బండి పేరు చెప్పి అడక్కు, పాతదాని మీద కొట్టిన నంబరు చూసి తెచ్చుకో. 32010 లాంటి మిల్లీమీటర్ సైజు వాటికి చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం వస్తుంది, ఇక్కడ 50 మి.మీ. దాన్ని షాఫ్ట్‌తో సరిచూసుకో. చక్రం నట్లు కొన్ని గంటల పని తర్వాత మళ్లీ ఒకసారి బిగించు.