సైజు చెక్ చేసే బాష్ స్క్రిప్ట్‌ని గిట్‌హబ్ యాక్షన్‌గా మార్చాలి: కాంపోజిట్ చాలా, జావాస్క్రిప్ట్‌కి వెళ్లాలా?

బిల్డ్_బండి:

బిల్డ్ అయ్యాక డిస్ట్ ఫోల్డర్ (బిల్డ్ ఫలితం ఉండేది) ఎన్ని కిలోబైట్లు ఉందో కొలిచి, పరిమితి దాటితే జాబ్‌ని ఫెయిల్ చేసే చిన్న బాష్ స్క్రిప్ట్ ఉంది. ప్రతి రిపోలోనూ కాపీ చేసుకుంటూ పోతున్నాం. దాన్ని విడిగా ఒక రిపోలో పెట్టి కాంపోజిట్ యాక్షన్ (షెల్ స్టెప్పులని కలిపి కట్టిన గిట్‌హబ్ యాక్షన్) చేశాను. మూడు చోట్ల ఆగింది.

1. యాక్షన్ రిపోలోనే టెస్ట్ చేస్తే నడుస్తోంది. వేరే రిపో నుంచి పిలిస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". రన్ లైన్‌లో ఉన్నది: బాష్ ./చెక్-సైజ్.ఎస్‌హెచ్
2. మ్యాక్స్-కేబీ అనే ఇన్‌పుట్‌కి రిక్వైర్డ్: ట్రూ పెట్టాను. అది ఇవ్వకుండా పిలిచినా జాబ్ పచ్చగా పాస్ అయిపోతోంది.
3. విండోస్, మ్యాక్ రన్నర్ల (జాబ్ నడిచే మెషీన్ల) మీద కూడా నడవాలంటే జావాస్క్రిప్ట్‌లో తిరగరాయాల్సిందేనా?

ఇవి తేలాక గిట్‌హబ్ మార్కెట్‌ప్లేస్‌లో (యాక్షన్లు అందరికీ దొరికే చోటు) పెట్టే ఆలోచన ఉంది. వెర్షన్ ట్యాగులు ఎలా పెడితే మంచిదో కూడా చెప్పండి.

వైఎంఎల్_వైద్యం:

మొదటిది పాత్ గొడవ. కాంపోజిట్ యాక్షన్‌లో రన్ స్టెప్ నడిచేది పిలిచినవాళ్ల వర్క్‌స్పేస్‌లో (వాళ్ల రిపో కోడ్ ఉండే ఫోల్డర్). మీ యాక్షన్ ఫైళ్లు రన్నర్ మీద వేరే ఫోల్డర్‌లోకి దిగుతాయి, ఆ ఫోల్డర్ దారి గిట్‌హబ్_యాక్షన్_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంటుంది. స్క్రిప్ట్‌ని ఆ దారితోనే పిలవండి, చుట్టూ డబుల్ కోట్స్ తప్పనిసరి. మీ రిపోలో నడవడానికి కారణం ఒక్కటే: అక్కడ చెకౌట్ చేసిన (రన్నర్ మీదికి దించిన) కోడ్‌లోనే ఆ స్క్రిప్ట్ కూడా ఉంది.

ఇలాంటివి టెస్ట్‌లోనే దొరకాలంటే, టెస్ట్ వర్క్‌ఫ్లోలో చెకౌట్ స్టెప్‌కి పాత్: యాక్షన్ అని ఇచ్చి, తర్వాత యూజెస్: ./యాక్షన్ అని పిలవండి. అప్పుడు వర్క్‌స్పేస్ రూట్‌లో స్క్రిప్ట్ ఉండదు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది.

రెండోది: రిక్వైర్డ్: ట్రూ అనేది చదివేవాళ్ల కోసం రాసిన మాట మాత్రమే, రన్నర్ దాన్ని అమలు చేయదు. ఇన్‌పుట్ ఇవ్వకపోతే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. మీ స్క్రిప్ట్‌లో ఇఫ్ తర్వాత సింగిల్ బ్రాకెట్, -జీటీ ("కంటే ఎక్కువా" అనే పోలిక) ఉండి ఉంటాయి. ఖాళీ స్ట్రింగ్‌తో పోల్చితే ఆ టెస్ట్ ఎర్రర్ కోడ్ 2 ఇస్తుంది, ఇఫ్ లోపల కాబట్టి అది "కాదు" కింద లెక్క, జాబ్ పాస్. లాగ్‌లో "ఇంటీజర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌పెక్టెడ్" అనే లైన్ ఉందేమో చూడండి. స్క్రిప్ట్ మొదట్లోనే విలువ అంకెలేనా అని చూసి, కాకపోతే ఎగ్జిట్ 1 ఇవ్వండి. పోలికలూ కొలతలూ అన్నీ ఆ తర్వాతే.

ఇంకొకటి. డాకర్, జావాస్క్రిప్ట్ యాక్షన్లకి ఇన్‌పుట్‌_ అనే ముందుమాటతో వేరియబుల్స్ వాటంతట అవే వస్తాయి, కాంపోజిట్‌కి రావు. ఎన్వ్ బ్లాక్‌లో మ్యాక్స్_కేబీ అని మీరే కట్టుకోవాలి. ఇన్‌పుట్ ఎక్స్‌ప్రెషన్‌ని నేరుగా రన్ లైన్‌లో పెట్టకండి. అది షెల్ చూడకముందే టెక్స్ట్‌గా అతుక్కుంటుంది. ఎవరైనా పుల్ రిక్వెస్ట్ టైటిల్‌నో, బ్రాంచ్ పేరునో మీ ఇన్‌పుట్‌కి పంపితే అందులోని కమాండ్ మీ స్టెప్‌లో నడుస్తుంది.

నోడ్_నారికేళం:

మూడో ప్రశ్నకి నా ఓటు జావాస్క్రిప్ట్‌కే. మీరు కొలిచేది డీయూ కమాండ్‌తో (ఫోల్డర్ ఎంత చోటు తీసుకుందో చెప్పేది) అయితే అసలు సమస్య అక్కడుంది. -బీ ఆప్షన్ గ్నూ డీయూలో (లినక్స్‌లో ఉండేది) ఉంది, మ్యాక్‌ఓఎస్ డీయూ దానికి బైట్ల లెక్క ఇవ్వదు. -కే రెండింట్లోనూ నడుస్తుంది, కానీ అది చెప్పేది డిస్క్ బ్లాకులు. చిన్న ఫైళ్లు ఎక్కువుంటే అసలు సైజు కంటే బాగా పెరిగి కనిపిస్తుంది, ఫైల్ సిస్టమ్ మారితే అంకె మారుతుంది.

జావాస్క్రిప్ట్‌లో ఫైళ్ల సైజులు కూడితే మూడు రన్నర్ల మీదా ఒకే అంకె. యాక్షన్స్ కోర్ ప్యాకేజీలోని గెట్‌ఇన్‌పుట్‌కి రిక్వైర్డ్ ఇస్తే, ఖాళీగా వస్తే నిజంగానే ఎర్రర్ విసురుతుంది. ట్రూ, ఫాల్స్ ఇన్‌పుట్లకి గెట్‌బూలియన్‌ఇన్‌పుట్ వాడండి. ఇన్‌పుట్లన్నీ స్ట్రింగులే కాబట్టి "ఫాల్స్" అనే మాట కూడా ఇఫ్‌లో నిజం అయిపోతుంది.

మర్చిపోకూడనిది: రన్నర్ మీ తరఫున ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండ్ నడిపి ప్యాకేజీలు దించదు. ఎన్‌సీసీ లేదా రోలప్‌తో అంతా ఒకే ఫైల్‌గా కట్టి దాన్ని కమిట్ చేయాలి. గిట్‌ఇగ్నోర్‌లో డిస్ట్ లైన్ ఉందేమో చూసుకోండి. సోర్స్ మార్చి బండిల్ మార్చని కమిట్ మెర్జ్ కాకుండా ఉండాలంటే, సీఐలో (ప్రతి మార్పుకీ నడిచే ఆటోమేటిక్ చెక్) ఎన్‌పీఎం సీఐ, బిల్డ్, ఆపై గిట్ డిఫ్ --ఎగ్జిట్-కోడ్ డిస్ట్ నడపండి.

వైఎంఎల్_వైద్యం:

ఇంత చిన్న పనికి జావాస్క్రిప్ట్ బరువే అంటాను. బైట్లు కావాలంటే: ఫైండ్‌తో -టైప్ ఎఫ్ ఫైళ్లు తీసుకుని, -ఎగ్జెక్ ద్వారా క్యాట్ చేసి, పైప్‌లో డబ్ల్యూసీ -సీ (బైట్లు లెక్కపెట్టేది). మూడు చోట్లా ఒకే అంకె. మ్యాక్‌ఓఎస్ డబ్ల్యూసీ అంకె ముందు ఖాళీలు పెడుతుంది, టీఆర్ -డీతో తీసేయండి. విండోస్ హోస్టెడ్ రన్నర్‌లో షెల్: బాష్ అంటే గిట్‌తో వచ్చే బాష్ నడుస్తుంది.

పైగా నోడ్ రన్‌టైమ్‌లు ఎప్పటికప్పుడు రిటైర్ అవుతాయి. నోడ్12 పోయింది, నోడ్16 పోయింది. మార్చిన ప్రతిసారీ కొత్త రిలీజ్ ఇవ్వాలి. కాంపోజిట్‌కి ఆ బాధ లేదు. అయితే పోస్ట్ స్టెప్ (జాబ్ చివర శుభ్రం చేసేది) కావాలంటే మాత్రం నారికేళం గారి మాటే ఖాయం, కాంపోజిట్‌లో అది లేదు. డాకర్ యాక్షన్ ఇక్కడ పక్కన పెట్టేయొచ్చు, అది లినక్స్ రన్నర్ల మీదే నడుస్తుంది.

విండోస్ నుంచి కమిట్ చేసేవాళ్లుంటే గిట్‌యాట్రిబ్యూట్స్‌లో ఎస్‌హెచ్ ఫైళ్లకి ఈఓఎల్=ఎల్‌ఎఫ్ (లైన్ ముగింపు లినక్స్ పద్ధతిలో ఉంచేది) పెట్టండి. ఇంకో చిక్కు: షెల్: బాష్ అని రాస్తే -ఈ, పైప్‌ఫెయిల్ (కమాండ్ ఫెయిలైతే స్టెప్‌ని ఆపేసే సెట్టింగులు) రెండూ ఆన్ అవుతాయి. గ్రెప్‌కి ఏమీ దొరక్కపోతే స్టెప్ అక్కడే చచ్చిపోతుంది, లాగ్‌లో ఎందుకో చెప్పకుండా.

బిల్డ్_బండి:

పాత్, ఇన్‌పుట్ రెండూ సరయ్యాయి, ధన్యవాదాలు. కాంపోజిట్‌తోనే ఉంటాను. సైజ్-బైట్స్ అని అవుట్‌పుట్ ఇస్తున్నా, పిలిచిన వర్క్‌ఫ్లోలో ఖాళీగా వస్తోంది. స్క్రిప్ట్‌లో గిట్‌హబ్_అవుట్‌పుట్ ఫైల్‌కి రాస్తున్నాను.

ట్యాగ్_తాళం:

అది సగమే. స్టెప్‌కి ఐడీ ఇచ్చి, యాక్షన్.వైఎంఎల్‌లో అవుట్‌పుట్స్ కింద వాల్యూ లైన్‌లో ఆ స్టెప్ అవుట్‌పుట్‌ని చూపించాలి. కాంపోజిట్‌లో అది లేకపోతే విలువ బయటికి రాదు.

పబ్లిషింగ్‌కి: రిపో పబ్లిక్‌గా ఉండాలి, యాక్షన్.వైఎంఎల్ రూట్‌లో ఉండాలి, నేమ్ మార్కెట్‌ప్లేస్‌లో మరెవరిదీ కాకూడదు. అకౌంట్‌కి టూ-ఫ్యాక్టర్ ఆన్ చేసి, డెవలపర్ అగ్రిమెంట్ ఒప్పుకోవాలి. ఆపై రిలీజ్ డ్రాఫ్ట్ చేసేటప్పుడు పబ్లిష్ టిక్ పెట్టి కేటగిరీ ఎంచుకోవడమే. బ్రాండింగ్‌లో ఐకాన్, రంగు ఇవ్వండి.

ట్యాగులు: వి1.0.0 లాంటి పూర్తి ట్యాగ్ ఒకసారి వేశాక కదలకూడదు. వి1 మాత్రం ప్రతి రిలీజ్‌కీ ముందుకు జరగాలి: గిట్ ట్యాగ్ -ఎఫ్‌ఏ వి1, తర్వాత గిట్ పుష్ ఆరిజిన్ వి1 --ఫోర్స్. ఇన్‌పుట్ పేరు మారినా, డిఫాల్ట్ మారినా వి2 వేయండి. డీయూ నుంచి డబ్ల్యూసీకి మారడం కూడా నా లెక్కలో వి2యే, ఎందుకంటే ఎవరి పరిమితి పాత అంకె మీద కట్టి ఉందో మీకు తెలియదు. ఇంకా పబ్లిష్ చేయలేదు కాబట్టి ఇప్పుడే మార్చేయండి.

జరిగే ట్యాగ్‌లో ప్రమాదం ఉంది. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ యాక్షన్ ట్యాగుల్ని దుండగులు హానికర కమిట్ వైపు తిప్పేశారు, దాన్ని వాడిన రిపోల సీక్రెట్స్ బిల్డ్ లాగుల్లోకి వచ్చేశాయి. అందుకే రీడ్‌మీలో వి1 ఉదాహరణ పక్కనే 40 అక్షరాల పూర్తి కమిట్ ఎస్‌హెచ్‌ఏతో (ఆ ఒక్క కమిట్‌కే ఉండే గుర్తు) ఉదాహరణ కూడా ఇవ్వండి. పర్మిషన్స్ కూడా రాయండి. మీ యాక్షన్‌కి టోకెన్‌తో పనే లేదు, ఆ మాట రీడ్‌మీలో స్పష్టంగా ఉండాలి.

వాడేది మీ ఆర్గనైజేషన్‌లోని ప్రైవేట్ రిపోలే అయితే మార్కెట్‌ప్లేస్ అవసరమే లేదు. రిపోని ప్రైవేట్‌గా ఉంచి, సెట్టింగ్స్‌లో యాక్షన్స్, జనరల్ కింద ఉన్న యాక్సెస్‌లో ఆర్గనైజేషన్‌లోని రిపోలకి అనుమతి ఇస్తే చాలు. తర్వాత పబ్లిక్ చేసినా యూజెస్ లైన్ మారదు.