4 కోట్ల రోల (వరుసల) టేబుల్‌లో కాలమ్ కలపాలి, డౌన్‌టైమ్ ఇవ్వరట

పాతకోడు_కాపరి:
మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. ఆర్డర్ల టేబుల్ 60 జీబీ. శుక్రవారం సాయంత్రానికల్లా ప్రొడక్షన్‌లో (అసలు సైట్ నడిచేచోట) కొత్త కాలమ్ ఉండాలని మేనేజర్ పట్టు. డౌన్‌టైమ్ అడిగితే "ఒక్క లైనేగా" అంటారు. స్టేజింగ్‌లో (పరీక్షల సర్వర్‌లో) ఉన్నవి 10 వేల రోలు, అక్కడ చిటికెలో అయిపోయింది. ఆయనకు అదే రుజువు. ఏం చేయాలి?

రాత్రి_డీబీఏ:
స్టేజింగ్ లెక్క పనికిరాదండీ. 5.7లో కాలమ్ కలిపితే టేబుల్ మొత్తం మళ్ళీ కడుతుంది. ముందు డిస్క్‌లో ఇంకో 60 జీబీ పైన ఖాళీ ఉందా చూడండి. ఆల్టర్‌లో (టేబుల్‌ను మార్చే కమాండ్) ఇన్‌ప్లేస్, లాక్ నన్ అని రాస్తే ఇన్సర్ట్‌లు ఆగవు, కానీ ఆలోగా వచ్చే మార్పులు ఒక లాగ్‌లో చేరతాయి. దాని డిఫాల్ట్ హద్దు 128 ఎంబీ. రద్దీవేళ అది నిండిందా, అప్పటిదాకా నడిచిన పనంతా గంగపాలు. రెప్లికాలో (రిపోర్టులు చదివే నకలు సర్వర్) ఆల్టర్ మొదలయ్యేది ప్రైమరీలో (అసలు సర్వర్) ముగిశాకే. ఇక్కడ 2 గంటలు పడితే అక్కడ రిపోర్టులు 2 గంటలు వెనకబడతాయి.
దీనికన్నా జీహెచ్-ఓస్ట్ మేలు, కొత్త కాలమ్‌తో నకలు టేబుల్ కట్టి చివర్లో పాతదాని చోట పెట్టే టూల్ అది. బిన్‌లాగ్ (డేటాబేస్ రాసుకునే మార్పుల చిట్టా) రో ఫార్మాట్‌లో ఉండాలి. ఫారిన్ కీలు (టేబుళ్ల మధ్య లంకెలు) ఉంటే మాత్రం కుదరదు. గురువారమే కాపీ మొదలెట్టి, పోస్ట్‌పోన్ ఫ్లాగ్ ఫైలు పెట్టి ఉంచండి. ఆ ఫైలు తీసేదాకా టేబుల్ మారదు.

తాళంచెవి:
అసలు గండం మెటాడేటా లాక్, అంటే టేబుల్ నిర్మాణంపై పడే తాళం. ఎవరో ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేస్తే ఆల్టర్ దాని వెనక ఆగుతుంది, ఆల్టర్ వెనక సెలెక్టులన్నీ (డేటా చదివే క్వెరీలు) బారులు తీరతాయి. సైట్ నిలిచిపోతుంది, సీపీయూ మాత్రం తీరిగ్గా ఉంటుంది! ఆ తాళం కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే లాక్_వెయిట్_టైమౌట్ డిఫాల్ట్ 3,15,36,000 సెకన్లు, అంటే ఏడాది. మీ సెషన్‌లో 5 పెట్టండి. ఇన్నోడీబీ_టీఆర్ఎక్స్‌లో (నడుస్తున్న ట్రాన్సాక్షన్ల జాబితా) పాతవేమున్నాయో ముందే చూసుకోండి.
కాలమ్‌కు నల్ (ఖాళీ విలువ) అనుమతి ఇవ్వండి. పాత కోడ్‌లో కాలమ్ పేర్లు రాయని ఇన్సర్ట్ ఉంటే అది అక్కడికక్కడే ఎర్రర్ కొడుతుంది, గ్రెప్‌తో కోడంతా వెతకండి.
మేనేజర్‌కు నోటిమాట కాదు, మెయిల్ పెట్టండి: ఎన్ని గంటలు, కాలమ్ వెనక్కి తీయడానికీ అన్నే గంటలు. 8.0.12 నుంచి ఈ పని క్షణాల్లో అయ్యేది. 5.7కి సపోర్ట్ 2023 అక్టోబరులోనే ముగిసింది. మూలనపడ్డ అప్‌గ్రేడ్ టికెట్‌లో కూడా ఈ గంటలే రాయండి.

పాతకోడు_కాపరి:
చూశాను. 9 గంటలుగా స్లీప్‌లో ఒక ట్రాన్సాక్షన్ ఉంది. మేనేజర్‌గారి డాష్‌బోర్డ్‌దే. కిల్ చేయొచ్చా?

తాళంచెవి:
సెలెక్టులే అయితే చేసేయండి. డాష్‌బోర్డ్ కనెక్షన్ పూల్‌లో ఆటోకమిట్ (ప్రతి క్వెరీ తర్వాత ట్రాన్సాక్షన్ తనంతట ముగియడం) ఆఫ్ అయి ఉందేమో కూడా చూడండి, లేదంటే పది నిమిషాల్లో మళ్ళీ తయారు.