ఒడియా బడిలో తెలుగు పిల్లలు: ఇంట్లో మనం పక్కన కూర్చుంటే మార్కులు పెరుగుతాయా?

గుణుపురం నాన్న (రాయగడ జిల్లా)
మా అబ్బాయి ఐదో తరగతి, ఒడియా మాధ్యమం. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. వాడి పుస్తకంలో ఒక్క వాక్యం కూడా నేను చదవలేను. మొన్న బడిలో సమావేశం పెట్టి, "రోజూ గంటసేపు పక్కన కూర్చుని చదివించండి, లేకపోతే వెనకబడతాడు" అన్నారు. అక్షరం రాని నేను కూర్చుని ఏం చేయాలి? బడి తన పనిని మన ఇంటి మీదకు నెడుతోందని నా అభిప్రాయం. మీరేమంటారు?

బరంపురం ట్యూషన్ మాస్టారు
ఒప్పుకోను. మీకు ఒడియా రాకపోతే ఏమైంది? "ఈ రోజు ఏం చెప్పారో నాకు తెలుగులో చెప్పు" అనండి. సగంలో ఆగాడంటే పాఠం అక్కడే అర్థం కాలేదన్నమాట. తప్పు మీరు పట్టుకోనక్కరలేదు, చెప్పబోయేసరికి వాడికే తెలుస్తుంది. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఇంట్లో అడిగేవాళ్లున్న పిల్లలెవరో వారం తిరక్కుండానే పోల్చుకోగలను.

హింజిలి కోడలు (గంజాం జిల్లా)
మాస్టారు గారూ, అడిగే మనిషి ఇంట్లో ఉండాలి కదా. మా వీధిలో సగం మంది తండ్రులు సూరత్ మగ్గాల దగ్గర ఉన్నారు. తల్లి పొద్దున్న పనికి వెళితే దీపాల వేళకు వస్తుంది. ఆమెను "పట్టించుకోని తల్లి" అనడం ఏ న్యాయం?

బరంపురం ట్యూషన్ మాస్టారు
ఆ మాట నేను అనలేదమ్మా. అడగడానికి పది నిమిషాలు చాలు, ఫోనులోనైనా సరే.

పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయురాలు (గజపతి జిల్లా)
ఇది ఇవాళ్టి గొడవ కాదు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరింది మొదలు మా ఇళ్లలో తాతకు ఒక లిపి, మనవడికి ఒక లిపి.

"తల్లిదండ్రుల శ్రద్ధ" అంటూ అన్నిటినీ ఒకే మూటలో కట్టడం వల్లే ఈ వాదన తెగడం లేదు. 2009లో నాన్సీ హిల్, డయానా టైసన్ అనే పరిశోధకులు మాధ్యమిక తరగతుల పిల్లలపై వచ్చిన 50 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. చదువు విలువ గురించి ఇంట్లో మాట్లాడటం, ముందు ఏం కావాలో కలిసి ఆలోచించడం, వీటికే మార్కులతో అన్నిటికన్నా బలమైన సంబంధం కనిపించింది. హోంవర్కులో సాయానికి అలాంటి మేలు కనిపించలేదు. మార్కులు తగ్గిన పిల్లల దగ్గరే పెద్దలు ఎక్కువగా కూర్చుంటారన్నది కూడా ఒక కారణం కావచ్చు. అవి ఎక్కువగా అమెరికా పిల్లల లెక్కలు, గుణుపురానికి యథాతథంగా అతికించలేం. అయినా గంట కూర్చోలేని తండ్రి నేరస్థుడేమీ కాడని చెప్పడానికి పనికొస్తాయి.

బడి బాధ్యత సంగతి: 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, మొత్తంలో సగం మంది స్త్రీలు కావాలి. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై పిల్లల హాజరు, ప్రగతి చెప్పడం ఉపాధ్యాయుల విధి అని కూడా అందులోనే ఉంది. అంటే సమావేశం మనకు చీవాట్లు పెట్టడానికి కాదు, మనకు లెక్క చెప్పడానికి. ముందు ఆ కమిటీలోకి వెళ్లండి.

గుణుపురం నాన్న
టీచరమ్మ గారూ, నేను ఆ కమిటీలోనే ఉన్నాను. సంతకం పెట్టమని ఇచ్చే కాగితం ఒడియాలో ఉంటుంది. చదివి వినిపించమంటే "తరువాత" అన్నారు. ఆ తరువాత ఇంకా రాలేదు.

సిరోంచ వాసి (గడ్చిరోలి జిల్లా)
మాకు మరాఠీ బడి. హిందీ లిపే కాబట్టి కూడబలుక్కునైనా చదవగలం, ఆ మేరకు మేము నయం. కానీ చదవడం వచ్చిన తల్లిదండ్రుల ఆగడాలు వేరే. ప్రాజెక్టు పేరిట నాన్న థర్మాకోల్ కోస్తాడు, అమ్మ రంగులేస్తుంది, బహుమతి పిల్లకు. పక్కింటి పాప మార్కులతో పోలిక ఉచితం. ఇది కూడా శ్రద్ధేనంటారా?

బరంపురం ట్యూషన్ మాస్టారు
కాదు. అది పెద్దల పోటీ. కమిటీ కాగితం విషయంలో మాత్రం నాన్నగారిదే న్యాయం, అర్థం కానిదానిపై సంతకం చేయకండి. ఇంకొకటి, ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడమని చెబితే వినకండి. వచ్చీరాని ఒడియాలో రెండు ముక్కలు మాట్లాడే కన్నా వచ్చిన తెలుగులో నాలుగు మాటలు ఎక్కువ చెప్పండి.

హింజిలి కోడలు
అన్నీ బాగున్నాయి. సమావేశం ఏ వేళకు పెడతారో ఎవరూ అడగలేదు. మాకు పగలు పదకొండు గంటలకు. ఆదివారం పెట్టమంటే ఉపాధ్యాయులకు సెలవు అన్నారు. సెలవే, కాదనను. మరి మా ఆ రోజు కూలి ఎవరిస్తారు?