తిత్లీ తుపాను నేపథ్యంలో క్రయోనిక్స్ కథ: కరెంటు పోవడం పతాక సన్నివేశంగా నిలుస్తుందా?

ఉద్దానం రచయిత:
పలాసలో మూతపడిన ఒక జీడిపప్పు కార్ఖానా షెడ్డులో, చాలా తక్కువ ఖర్చుతో ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా తీయాలని మా మిత్రబృందం ప్రయత్నిస్తున్నది. ఉద్దానం కిడ్నీ వ్యాధికి అసలు కారణం ఇంతవరకూ కచ్చితంగా తేలలేదు కాబట్టి, అది తేలి మందు దొరికే రోజు వరకు చనిపోయిన తమ్ముణ్ణి అతిశీతలంలో భద్రపరచాలని (క్రయోనిక్స్ అంటే ఇదే) పూనుకున్న ఒక అక్క కథ ఇది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బకు కరెంటు పోయి, జనరేటరు కూడా ఆగిపోయి, శరీరం కరగడం మొదలవడం పతాక సన్నివేశం. గ్రాఫిక్సుకు మా దగ్గర డబ్బు లేదు. ఈ ఘట్టం నమ్మదగినదేనా? ఆ చలిని తెరమీద ఎలా చూపాలి?

టెక్కలి పశువైద్య సిబ్బంది:
కథ బాగుందండీ, కానీ కరెంటు పోయినంత మాత్రాన ఆ శరీరానికి ఏమీ కాదు. అమెరికాలో ఈ పని చేసే సంస్థలు, థర్మాస్ ఫ్లాస్కులాగా రెండు గోడల మధ్య శూన్యం ఉన్న పెద్ద పాత్రల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి, ఆవిరైన మేరకు మళ్లీ నింపుతుంటాయి. పశువులకు ఎద సూదులు (కృత్రిమ గర్భధారణ) వేయడానికి గడ్డకట్టించిన వీర్యంతో మేము ఊరూరా మోసుకెళ్లే క్యానుదీ ఇదే పద్ధతి. అందువల్ల మీ కథలో ప్రమాదం రావలసింది నైట్రోజన్ బండి రాకపోవడం వల్ల. కొబ్బరి చెట్లు కూలి దారులు మూసుకుపోయిన ఆ రోజుల్లో అది ఎలాగూ రాదు.

క్యానులో మట్టం చూడడానికి మేము స్కేలును అడుగుదాకా ముంచి, పైకి తీసి గాలిలో ఆడిస్తాం. ద్రవం తగిలినంత మేరా తెల్లగా మంచు పడుతుంది. ఆ తెలుపు పూటపూటకూ తగ్గిపోవడం చూపితే చాలు, గ్రాఫిక్సుతో పని లేదు. పైగా ఆ అమెరికా సంస్థల్లో ఒకటైన అల్కార్‌లో శరీరాలను తలకిందులుగా ఉంచుతారు. మట్టం తగ్గినా తల చివరిదాకా ద్రవంలోనే ఉండాలని.

విజయనగరం ఛాయాగ్రాహకుడు:
స్కేలు ఆలోచన అద్భుతం. అయితే చిత్రీకరణకు అసలు నైట్రోజన్ తేవద్దు. ఒక లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువుగా మారి, మూసిన గదిలో ప్రాణవాయువును పక్కకు నెట్టేస్తుంది, వాసన ఉండదు కనుక ఎవరికీ తెలియదు. పెళ్లి వేదికల మీద పొగ వదిలే యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోండి. అందులో డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) వాడేటట్లయితే దాని నుంచి వచ్చేది కూడా ఊపిరాడనివ్వని వాయువే కాబట్టి తలుపులన్నీ తెరిచి ఉంచండి.

బొబ్బిలి పాఠకుడు:
తుపాను కంటే డబ్బు పెద్ద విలన్ అని నా అభిప్రాయం. 1967 జనవరిలో ఇలా భద్రపరిచిన తొలి మనిషి, అమెరికాకు చెందిన జేమ్స్ బెడ్‌ఫర్డ్ శరీరం నేటికీ ఉంది; కానీ కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో దాచిన శరీరాలు, నైట్రోజన్‌కు డబ్బు చాలక 1970 దశకంలోనే పాడైపోయాయి. అక్క మొదట ఒక గాజు, తర్వాత గొలుసు, ఆపైన జీడితోట తాకట్టు పెడుతూ వస్తేనే ఆగిపోయిన ఆ బండికి బరువు వస్తుంది.

ఉద్దానం రచయిత:
జనరేటరును తీసేస్తున్నాను. తమ్ముడు చివరకు లేచినట్లు చూపమని నిర్మాత పట్టుబడుతున్నారు, దానికేమంటారు?

టెక్కలి పశువైద్య సిబ్బంది:
వద్దండీ. గ్లిజరిన్ కలిపి గడ్డకట్టించిన వీర్యం నుంచి దూడలు పుట్టడం మేము రోజూ చూసేదే, కానీ మనిషి శరీరాన్ని అలా ఉంచి తిరిగి లేపినవారు ఇంతవరకూ ఎవరూ లేరు. మీ నిర్మాతగారిని ఒకసారి మా ఆసుపత్రికి తీసుకురండి, క్యాను మూత తీసి చూపిస్తాను.