"చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు" తర్వాత ఏమిటి?

గుంటూరు పంతులమ్మ: ఆదివారాల్లో మా వీధి గ్రంథాలయంలో పిల్లలూ పెద్దలూ కలిసి అమరావతి స్తూపం గురించి చదువుకుంటున్నాం. పాఠం చెప్పేవారంటూ ఎవరూ లేరు. ఎవరికి దొరికిన ఫొటో, ఎవరికి దొరికిన నకలు వారు తెస్తారు. ఈ వారం గోడపత్రిక రాస్తున్నాం, స్తూపం పలకలు లండన్ దాకా పోయాయి కాబట్టి పేరు "వలసపోయిన రాళ్లు". దాని కింద శ్రీనాథుడిదని చెప్పే చాటువు వేద్దామనుకుంటే "చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు..." దగ్గర ఆగిపోయాను. మూడు రోజులుగా బియ్యం ఏరుతున్నా అదే నాలుక మీద ఆడుతోంది. తర్వాత ఏమిటి? అసలు అది చిన్నా, చిన్నియా?

పలనాటి మాస్టారు: "నాపరాళ్లు" అమ్మా. "సజ్జ జొన్న కూళ్లు సర్పంబులును దేళ్లు, పల్లెనాటి సీమ పల్లెటూళ్లు." చిన్న అన్నా చిన్ని అన్నా హగణమే, కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. మా తాతగారు చిన్న అనేవారు, నాకు అదే ప్రమాణం. కానీ అది మా సీమను వెక్కిరించిన పద్యం. సన్నన్నం దొరకని కోపం మా రాళ్ల మీద చూపించాడాయన. గోడకెక్కించే ముందు ఒకసారి ఆలోచించండి.

ఆటవెలది అభిమాని: వెక్కిరింపే కానివ్వండి మాస్టారూ, అమరావతిలో చెక్కింది మీ పలనాటి సున్నపురాయే కదా. లండన్‌లో దాన్ని "మార్బుల్" అన్నారు, మనం భక్తిగా "పాలరాయి" అని తెలుగు చేసుకున్నాం. నాపరాయి కూడా సున్నపురాతి జాతే. కవి తిట్టిన మాటే అసలు సంగతికి దగ్గరగా ఉంది. పంతులమ్మగారూ, గోడ మీద పాలరాయి అని మాత్రం రాయకండి.

ఆమదాలవలస అల్లుడు: నా పేచీ పద్యంతో కాదు, పత్రిక పేరుతో. మా అత్తవారి వైపు ఊరి పేరు చివర "వలస" ఉందంటే జనం వచ్చి కుదురుకున్న చోటని నా లెక్క. పోవడం ఒక్కటే దాని అర్థం కాదు. పైగా రాళ్లు తమంతట తామే మూటాముల్లే సర్దుకుని ఓడెక్కాయా? "తరలించిన రాళ్లు" అనండి. ఒక్క "ఇంచు" తగిలిస్తే చేసినవాడు బయటపడతాడు. ఈ మధ్య ఒక సభలో "నిర్వలసీకరణ" (డీకాలనైజేషన్‌కు తెలుగు) అని బ్యానరు కట్టారు, మా బావమరిది అది వలస కూలీలను ఆపే పథకం అనుకున్నాడు.

నకళ్ల పిచ్చి: "ఇంచు" పెడితే "ఎవరు?" అని అడుగుతారు, ఒక్క పేరుతో సరిపోదు. దీపాలదిన్నెను, అంటే స్తూపం ఉన్న దిబ్బను, మొదట రాళ్ల గనిగా వాడుకున్నది మనవాళ్లే. అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కట్టించినప్పుడు పలకలు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చాక కొలతలూ బొమ్మలూ రాయించాడు. వాటిలో కొన్ని రాళ్లు ఇప్పుడు ఎక్కడా లేవు, కాగితం మీదే ఉన్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. అక్కడి నుంచి చాలా రాళ్లను 1859లో ఓడెక్కించారు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. ఆ మార్బుల్స్‌కు తవ్వించినవాడి పేరు పెట్టారు, దిన్నె పేరు కాదు. నాకు అసలు కోపం అక్కడ.

ఆమదాలవలస అల్లుడు: కర్తలు నలుగురైతే నలుగురినీ రాయండి. "పోయిన" అంటే ఎవరూ ఉండరు.

తాళపత్రం: మీరంతా "సర్పంబులు" దాటి వెళ్లిపోయారు. ఆ "ంబు" చూడగానే "నాగబు" గుర్తు రాలేదా? అమరావతి రాతి మీద వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన మాట. నాగబు, నాగంబు, నాగము: ఇది తొలి తెలుగు మాట, పైగా మన ప్రథమావిభక్తి ప్రత్యయంతో.

ఆటవెలది అభిమాని: సున్న ఏది? నాగబులో సున్న లేదు. మీరు తెచ్చి పెడుతున్నారు.

తాళపత్రం: ప్రాకృతం రాసే చేయి సున్నను వదిలేయడం కొత్తా?

నకళ్ల పిచ్చి: సున్న సంగతి సరే, బు తర్వాత రాయి ఎలా ఉంది? బుధరఖిత వంటి పేర్లు ఆ శాసనాల్లో ఉన్నాయి. నాగబు... అని మొదలై ఇంకో అక్షరం పక్క ముక్కలోకి పోయిన మనిషి పేరు కాదని ఎలా అంటాం? ఆ పక్క ముక్క అమరావతిలో ఉందో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉందో, సున్నపుబట్టీలో కాలిపోయిందో! రాళ్లు ఒకచోట లేకపోతే బు కూడా తేలదు.

తాళపత్రం: మనిషైతే "డు" రావాలి కదా. నాగుడు.

నకళ్ల పిచ్చి: ప్రాకృతంలో పేరు రాసినవాడికి మన డుమువులతో పనేమిటండీ!

పలనాటి మాస్టారు: ఆ బు మీద అంత బరువు మోపకండి. "సర్పములును దేళ్లు" అన్నా గణం చెడదు. తగణం బదులు భగణం పడుతుంది, అంతే. అయినా శ్రీనాథుడు బు వేశాడు. ఆ "సర్పంబు" బుస వినండి! ఆయన చాటువులను చెవితో చదవాలి.

చందవరం దగ్గరివాణ్ణి: మా ప్రకాశం జిల్లా సంగతి కూడా రాయండి. చందవరం స్తూపం పలక, బుద్ధుణ్ణి పూజిస్తున్నవారి బొమ్మ, దొంగతనంగా పోయింది. 2005లో క్యాన్‌బెరాలోని జాతీయ చిత్రశాల దాన్ని కొన్నది. 2016లో భారత్‌కు అప్పగించారు. పేపర్లలో కొందరు "తిరిగి ఇచ్చిన" అన్నారు, కొందరు "తిరిగి వచ్చిన" అన్నారు. "ఇచ్చిన" అంటే సొమ్ము వాళ్లదే అయినట్టు ఉంది. "వచ్చిన" అంటే మళ్లీ పంతులమ్మగారి వలస.

ఆటవెలది అభిమాని: "మగుడఁ దెచ్చిన" అనండి, మగుడ అంటే తిరిగి. మంచి పాత మాట, చచ్చిపోతోంది కూడా.

గుంటూరు పంతులమ్మ: "మగుడ" అంటే మా పిల్లలు "మగడు" అని చదువుతారండీ. ఇంకో చిక్కు. "మన రాళ్లు ఎప్పుడు తెచ్చుకుంటాం?" అని ఆరో తరగతి అమ్మాయి అడిగింది. బ్రిటిష్ మ్యూజియానికి 1963 నాటి చట్టం ఉంది, తమ సేకరణలోని వస్తువులను వాళ్లు సులువుగా వదలలేరని చెప్పాను. "ఆ చట్టం ఎవరు రాసుకున్నారు?" అంది. "ఎవరు రాశారు" అనలేదు, "రాసుకున్నారు" అంది.

ఆమదాలవలస అల్లుడు: చూశారా! నేను ఇంచు దగ్గర ఆగిపోయాను, ఆ అమ్మాయి "కొను" పట్టుకుంది. గోడపత్రిక పేరు తననే పెట్టమనండి.

గుంటూరు పంతులమ్మ: అడిగాను. "దీపాలదిన్నె" చాలంది. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు, ఊరి పేరు ఉండాలట. ప్రస్తుతానికి పైన ఖాళీ వదిలి, కింద పద్యం రాశాం.

పలనాటి మాస్టారు: రాశారా! "సర్పంబులునుఁ దేళ్లు" అని అరసున్న పెట్టారా, లేదా?

ఆటవెలది అభిమాని: పిల్లల గోడపత్రికకు అరసున్నా, మాస్టారూ?

పలనాటి మాస్టారు: తేళ్లు దేళ్లు ఎందుకయ్యాయో పిల్లలకు ఎవరు చెబుతారు మరి?